పెద్ద చర్చి, పెంకుల చర్చి

మా ఊరి చర్చి పడగొట్టి కొత్తది కట్టాలని కిందటేడు కోతపండుగ అయిన వారానికి కమిటీ కూర్చుంది. నేనూ వెళ్లాను. ఊరు వదిలి ఇరవై ఏళ్లు దాటింది కానీ చందా పుస్తకంలో ఇప్పటికీ నా పేరుంది, ఆ ధైర్యంతో వెళ్లాను. వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. కుర్చీ దొరకనివాళ్లు చర్చి అరుగు మీదే కూర్చుని, ఆ చర్చిని ఎలా పడగొట్టాలో మాట్లాడుతున్నారు. కొత్తది ఎట్లా ఉండాలి అనే మాట రాగానే ముగ్గురు నలుగురు ఒక్కసారే అన్నారు: "మెదక్ చర్చి లెక్క."

మా జిల్లాలో ఏ ఊళ్లో చర్చి కట్టాలన్నా ఈ మాట రాకుండా ఉండదు. ముందర రెండు మొన కమానులు, ఒక పక్కన గోపురం, దాని మీద సిలువ, సిలువకు రంగు లైట్లు. రాయి బదులు సిమెంటు, దాని మీద రాయిలా కనపడేట్టు గీతలు. ఇలాంటివి మెదక్ నుంచి నర్సాపూర్ దాకా బస్సులో పోతూ లెక్కపెట్టొచ్చు. నాకు మెదక్ చర్చి మీద కోపమేమీ లేదు. చిన్నప్పుడు క్రిస్మస్‌కు మా నాయన భుజాల మీద కూర్చుని చూసిన చర్చి అది. కానీ దాన్ని చూసి మా పెంకుల చర్చిని పడగొట్టడం మాత్రం తప్పు. ఆ రోజు కమిటీలో సరిగ్గా చెప్పలేకపోయాను, గొంతు పెరిగింది, మా చిన్నాయన కొడుకు నా కంటే గట్టిగా అరిచాడు. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

ముందు మేమెవరమో చెప్పాలి. ఇప్పుడు బోర్డు మీద సి.ఎస్.ఐ., అంటే దక్షిణ ఇండియా సంఘం, అని ఉంటుంది. మా నాయనమ్మ మాత్రం చివరిదాకా "వెస్లీ మిషనోళ్లం" అనే చెప్పింది. నిజాం రాజ్యంలో సికింద్రాబాద్ నుంచి పైకి మెదక్, నిజామాబాద్ వైపు పనిచేసినవాళ్లు ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టులు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు వీళ్లు అందులో కలిసిపోయారు. అమెరికా నుంచి వచ్చిన మెథడిస్టులు కలవలేదు, వికారాబాద్, జహీరాబాద్ వైపు వాళ్లు ఇప్పటికీ మెథడిస్టులనే పేరుతోనే ఉన్నారు. వాళ్ల ధారూరు జాతర చూసినవాళ్లకు తెలుసు: నవంబరులో చెట్ల కింద డేరాలు వేసుకుని, పొయ్యిలు పెట్టుకుని, రోజుల తరబడి వాక్యం వింటారు. ఈ మెథడిస్టు సంఘాన్ని ఇంగ్లండులో జాన్ వెస్లీ మొదలుపెట్టిందీ అట్లాగే. 1739లో చర్చిల్లో ప్రసంగ వేదికలు దొరక్క, బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్ బొగ్గు గనుల పనివాళ్లకు ఆరుబయట నిలబడి చెప్పాడు. కట్టడం అనేది మెథడిస్టులకు తర్వాత వచ్చిన అవసరం. వాన పడుతుంది కాబట్టి, చలేస్తుంది కాబట్టి కట్టుకున్నారు.

కట్టుకోవాల్సి వచ్చేసరికి వెస్లీ దానికి రూల్స్ పెట్టాడు. నేను హైదరాబాద్‌లో ఒక లైబ్రరీలో ఆ పాత తీర్మానాలు చదివి నవ్వుకున్నాను. మనిషి కిటికీలు కూడా వదల్లేదు. స్థలం ఉంటే ఎనిమిది పలకలుగా కట్టండి. పైకప్పు ఎత్తు భవనం వెడల్పులో మూడో వంతుకు మించకూడదు. తలుపులు, కిటికీలు చాలినన్ని ఉండాలి. డబ్బున్నవాళ్లు అద్దెకు తీసుకుని తలుపు వేసుకునే గళ్ల బల్లలు వద్దు, బల్లలకు ఆనుకునే చెక్క కూడా వద్దు. మధ్యలో ఒక కడ్డీ అడ్డం వేసి ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చోవాలి.

ఇది చదివినప్పుడు నాకు మా చర్చే గుర్తొచ్చింది. ఆనుకునే చెక్క మాట అటుంచండి, మాకు బల్లలే లేవు. జంపఖానా పరుస్తారు, ఎడమవైపు ఆడవాళ్లు, కుడివైపు మగవాళ్లు, చెప్పులు బయట. ముసలివాళ్లు మాత్రం గోడకు ఆనుకుంటారు, ఆ చోటు కోసం తొందరగా వస్తారు కూడా. ఇదంతా వెస్లీని చదివి చేసింది కాదు. మా ఊళ్లో భజన అయినా, బుర్రకథ అయినా, పెళ్లి అయినా జనం కూర్చునే తీరే అది. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో ఒక మనిషి రాసిపెట్టి, బతిమాలి, తిట్టి కూడా సాధించలేకపోయిన పద్ధతి తెలంగాణ పల్లెలో ఎవరూ చెప్పకుండానే నడిచింది. వెస్లీ బతికుండగానే ఆయన మనుషులు గళ్ల బల్లలు వేసుకోవడం, కుటుంబాలుగా కూర్చోవడం మొదలుపెట్టారు. ఆయన సణుగుతూనే ఉన్నాడు.

ఎనిమిది పలకలు ఎందుకంటే వినపడటానికి. మధ్యలో నిలబడి చెప్పేవాడికి ఎవరూ దూరం కాకూడదు. నారిచ్‌లో ప్రెస్‌బిటీరియన్లు అనే ఇంకో సంఘం వాళ్లు కట్టుకున్న ఎనిమిది పలకల మందిరాన్ని 1757లో చూసి వెస్లీ మురిసిపోయాడు. తర్వాత మెథడిస్టులు అలాంటివి చాలానే కట్టారు. వాటిలో యార్క్‌షైర్ కొండల్లో హెప్టన్‌స్టాల్ అనే పల్లెలో 1764లో కట్టింది నాకు బాగా ఇష్టం. నేను చూసింది ఫోటోల్లోనే. దాని పైకప్పు దూలాలు రోథర్‌హామ్‌లో తయారుచేసి, విప్పి, కొండల మీదుగా గుర్రాల మీద మోసుకొచ్చి మళ్లీ బిగించారని చెబుతారు. జనం పెరిగాక 1802లో ఒకవైపు గోడ జరిపి పొడవు పెంచారు. పడగొట్టలేదు, సాగదీశారు. అందుకే ఇప్పుడు పైనుంచి చూస్తే ఆ ఎనిమిది పలకలు సమానంగా ఉండవు. ఇప్పటికీ అందులో ఆరాధన జరుగుతోంది. ఈ ముక్క కమిటీలో చెబితే "అదేదో ఇంగ్లండు ముచ్చట మాకెందుకు" అన్నారు. మెదక్ చర్చి నమూనా ఎక్కణ్నుంచి వచ్చిందో వాళ్లను అడగాల్సింది, అప్పుడు తట్టలేదు.

అది ఇంగ్లండు నుంచే వచ్చింది. బోల్టన్ ఊళ్లోని బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ అనే ఆర్కిటెక్టుల ఆఫీసులో గీసిన గోథిక్ చర్చి, అంటే మొన కమానుల, ఎత్తు గోపురాల పాత యూరప్ తీరు చర్చి అది. పని చూసిన ఆర్కిటెక్టు థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్. కట్టించింది చార్లెస్ వాకర్ పోస్నెట్, సికింద్రాబాద్‌లో తెల్ల సిపాయిలకు పాదిరిగా వచ్చి 1890ల చివర్లో మెదక్ చేరిన మనిషి. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం 175 అడుగులు. లోపల అయిదు వేల మంది పడతారంటారు. 1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది.

రంగు అద్దాల గురించి అందరూ రాస్తారు, నేను కొంచెమే రాస్తాను. మూడు పెద్ద కిటికీలు, మూడూ ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే చిత్రకారుడివి. బలిపీఠం వెనక క్రీస్తు పరలోకానికి ఎక్కిపోయే ఆరోహణం 1927లో వచ్చింది, జననం 1947లో, సిలువ 1958లో. అంటే చర్చి తెరిచాక కూడా ముప్పై నాలుగేళ్లపాటు పని సాగుతూనే ఉంది. బయట నిలబడి చూస్తే నల్లటి గాజు ముక్కలు, సీసం గీతలు తప్ప ఏమీ కనపడదు. లోపలికెళ్లి, ఎండ బయట ఉన్నప్పుడు చూడాలి. సాయంత్రం ఆరు తర్వాత వెళ్లి "ఏముంది ఇందులో" అని తిరిగొచ్చిన మా ఆఫీసు స్నేహితుణ్ని నేనింకా క్షమించలేదు.

మెదక్ చర్చిలో అసలు సంగతి రాతిపని. దక్కనులో రాయి కొట్టడం కొత్త విద్య కాదు. చర్చికి కనుచూపు మేరలోనే కాకతీయుల నాటి మెదక్ కోట ఉంది, అదే కొండరాయి. సమ్మెటతో, ఉలితో రాయికి వరసగా చిన్న గుంటలు కొట్టి, వాటిలో ఇనప చీలలు దిగ్గొట్టి బండను చీల్చడం ఇక్కడి వడ్డెరలకు తాతల నాటి పని. ఇక మొన కమాను. దీన్ని చూసి 'విదేశీ' అంటారు కానీ, 1591 నాటి చార్మినార్ కమానులు ఏ ఆకారంలో ఉన్నాయి? బహమనీల కాలం నుంచీ ఈ నేల మీద మొన కమానులే. గుండ్రటి కమాను బరువును పక్కలకు ఎక్కువ తోస్తుంది, మొన ఉన్నది కిందికి దింపుతుంది, అందుకే ఎత్తుకు పోవాలంటే మొన కమాను పనికొస్తుంది. లండన్‌లో సెయింట్ పాల్స్ కట్టిన క్రిస్టఫర్ రెన్ అయితే గోథిక్ అన్న పేరే తప్పు, దాన్ని ముస్లింల శైలి అనాలి అన్నాడు. అది ఎంతవరకు నిజమో చరిత్రకారులు తేల్చుకుంటారు. మెదక్‌లో ఆ కమానుకు రాళ్లు ఎత్తినవాళ్ల కళ్లకు అది పరాయిదిగా కనపడి ఉండదని మాత్రం నా నమ్మకం.

తమాషా ఏంటంటే, గోథిక్ పరాయిదైంది మెథడిస్టులకే. మొదటి వందేళ్లు వాళ్లు గోపురాలూ, మొన కిటికీలూ రాజుగారి చర్చి (ఇంగ్లండు అధికారిక సంఘమైన ఆంగ్లికన్ చర్చి) గుర్తులని దూరంగా పెట్టారు. 1850లో ఎఫ్. జె. జాబ్సన్ అనే వెస్లియన్ పాస్టరు మందిరాలు గోథిక్‌లో కట్టాలని ఏకంగా పుస్తకమే రాశాడు. అప్పటికి ఇంగ్లండులో మెథడిస్టులకు డబ్బొచ్చింది, మర్యాద కావాలనిపించింది. మెదక్ గోపురం ఆ మోజుకు కొనసాగింపే. వెస్లీ దాన్ని చూస్తే ఒప్పుకునేవాడు కాదు. ఆయన రూల్స్‌లో అన్నిటికంటే పదునైనది డబ్బు గురించి రాసింది: మందిరాలు సాదాగా, మర్యాదగా కట్టండి, తప్పనిసరి అయినంతకు మించి ఖర్చు పెట్టకండి, లేకపోతే డబ్బు కోసం మనకు ధనవంతులు కావాల్సి వస్తారు, ఆధారపడితే వాళ్లే మనల్ని ఏలతారు, ఇక మన క్రమశిక్షణకు సెలవు.

మరి మెదక్ చర్చి ఈ రూలు ముందు నిలబడుతుందా? చాన్నాళ్లు నిలబడదనే అనుకున్నాను. కాలేజీ రోజుల్లో ఆవేశంగా వాదించేవాణ్ని కూడా: అంత డబ్బుతో ఎన్ని బళ్లు, ఎన్ని బావులు వచ్చేవి అని. అది తెలిసీ తెలియని వాదన. ఎందుకంటే ఆ చర్చి లేచింది కరువులో. ఒకవైపు మొదటి ప్రపంచ యుద్ధం, ఇంకోవైపు గింజ లేని ఊళ్లు. ఆకలితో మెదక్ చేరినవాళ్లకు పోస్నెట్ ఊరికే పెట్టకుండా పని పెట్టి తిండి పెట్టాడు. ఇవాళ 'పనికి ఆహారం' అంటామే, అది. మా జిల్లాలో ఏ క్రైస్తవ కుటుంబాన్ని అడిగినా "మా ముత్తాత మెదక్ చర్చికి రాళ్లు మోసిండు" అంటారు. మా ఇంట్లోనూ అంటారు. అందరి ముత్తాతలూ నిజంగానే మోసి ఉంటే గోపురం 175 అడుగుల దగ్గర ఆగేది కాదు. కానీ ఆ మాట ఇన్ని ఇళ్లలో నిలిచిందంటే దానికో కారణముంది. దొరల దగ్గర వెట్టి చేసే కాలం అది. మాల మాదిగ వాడల మనిషి చేసిన పనికి గింజలు కొలిచి ఇవ్వాలన్న నియమమే లేని కాలం. అలాంటప్పుడు మోసిన తట్టకు ఫలితం దక్కడం, ఎత్తిన రాయి కళ్లముందే నిలబడిపోవడం చిన్న సంగతి కాదు.

అప్పుడు ఖర్చు అనే మాటకే అర్థం తిరగబడింది. మామూలు రోజుల్లో గోపురం పది అడుగులు పెంచితే అది ఆడంబరం. కరువు రోజుల్లో అదే పది అడుగులు ఇంకొన్నాళ్ల కూలి. నున్నగా చెక్కిన రాయికి ఎక్కువ రోజులు పడుతుంది, ఎక్కువ రోజులంటే ఎక్కువ పూటలు. అంటే 'తప్పనిసరి ఖర్చు' అన్నది ఆ ఏడు ఎక్కువ ఖర్చు పెట్టడమే అయింది. ఇందులో మిషన్ ప్రయోజనం లేదని నేననను, తిండి పెట్టే చెయ్యికి మతం కూడా ఉంది. అయినా ఆ ఎత్తుకు ఒక కారణముంది. నేను ఒప్పుకోలేనిది కారణాన్ని వదిలేసి ఎత్తును మాత్రం తెచ్చుకోవడం.

మా కమిటీ ప్లానులో కారణం ఎక్కడుంది? హైదరాబాద్‌లో ప్లాట్ల వ్యాపారం చేసే ఒకాయన సగం ఖర్చు పెట్టుకుంటానన్నాడట. గోపురం ఉండాలి, నల్ల గ్రానైటు మీద వాళ్ల నాయన పేరుండాలి. మిగతా సగానికి ఇంకో ఇద్దరు. కాంట్రాక్టరు మనుషులు ఎక్కణ్నుంచో వస్తారు, మూడు నెలల్లో పోతారు. మా ఊరివాళ్లు చెయ్యాల్సింది చప్పట్లు కొట్టడమే. పాత చర్చి అట్లా కట్టలేదు. బండి ఉన్న ఇంటికి ఇన్ని బండ్ల రాయి, లేని ఇంటికి ఇన్ని రోజుల పని అని వంతులు వేసుకున్నారు. టేకు దూలాలకు డబ్బు పిడికెడు బియ్యం నుంచి వచ్చింది. తెలియనివాళ్ల కోసం: ఆడవాళ్లు పొద్దున ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేస్తారు, నెలకోసారి చర్చికి తెస్తారు. మా నాయనమ్మ ఇంట్లో బియ్యం లేని రోజున కూడా జొన్నలు తీసేది. ఆ చర్చిలో ఎవరి పేరూ చెక్కిలేదు. ఇన్ని పిడికిళ్ల పేర్లు ఏ బండ మీద పడతాయి?

పోయిన నెల టేపు పట్టుకుని దాన్ని కొలిచాను. లోపల పొడవు 36 అడుగులు, వెడల్పు 18. మెదక్ చర్చిదీ ఒకటికి రెండే, 100కి 200. ఇది చూసి నాకు చిన్న పిల్లాడిలా సంతోషమైంది. కప్పు ఎత్తు గోడ మీది నుంచి ఆరడుగుల చిల్లర, అంటే వెడల్పులో మూడో వంతు, అచ్చం వెస్లీ చెప్పిన లెక్క. ఇందులో మహిమేమీ లేదు. బెంగుళూరు పెంకు వేసే కప్పుకు వాలు బాగా తగ్గితే గాలివానకు నీళ్లు పెంకుల సందులోంచి వెనక్కి పాకుతాయి, అందుకని వడ్లాయన అంత వాలు పెట్టాడు. గోడలు అడుగున్నర మందం, రాయీ డంగు సున్నమూ. కింద తాండూరు బండలు. గంట లేదు, వేపకొమ్మకు రైలు పట్టా ముక్క వేలాడుతుంది, దాన్నే కొడతారు. అప్పట్లో ఆదివారం తప్ప మిగతా రోజులు ఇది బడి. పాస్టరు అయ్యగారు నెలకోసారి వచ్చేవాడు, మిగతా ఆదివారాలు బడి పంతులే ఉపదేశి. మా నాయన అఆలు దిద్దింది ఆ బండల మీదే, సుద్దముక్కతో.

ఏప్రిల్‌లో మధ్యాహ్నం ఆ చర్చిలో పడుకుని చూడండి. పెంకుల సందుల్లోంచి వేడి పైకి పోతుంది, మందపు గోడ సాయంత్రం దాకా చల్లగా ఉంటుంది. పక్క ఊళ్లో కట్టిన కొత్త చర్చిలో స్లాబు కింద ఆరు ఫ్యాన్లు తిరుగుతుంటే ఆ వేడి గాలే మన మీదికి వస్తుంది. ఇక శబ్దం. గీసినట్టున్న సిమెంటు గోడలు, కింద మెరిసే టైల్స్, పైన చదును స్లాబు: మాట నాలుగువైపులా కొట్టుకుని తిరిగొస్తుంది. అది అర్థం కాక సౌండు పెంచుతారు, ఇంకా అర్థం కాదు. పెంకుల కప్పు మాటను సగం మింగి సగం వదిలేస్తుంది. మెదక్ చర్చి కట్టినవాళ్లకు ఈ టెన్షన్ ఉంది, అంత ఎత్తు కప్పు కింద మాట నిలవదని. అందుకే లోపలి కప్పుకు ప్రతిధ్వనిని మింగే స్పాంజిలాంటి పదార్థం వాడారని అక్కడ చెబుతారు. మనవాళ్లు గోపురాన్ని కాపీ కొడుతున్నారు, ఆ స్పాంజిని ఎవరూ కాపీ కొట్టరు.

ఇక్కడ నన్ను ఆపి ఒక ప్రశ్న వేయొచ్చు: మరి 'మన' శైలిలో కట్టొచ్చు కదా, డోర్నకల్ లాగా? డోర్నకల్ నాకూ గౌరవమే. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిన వి. ఎస్. అజరయ్య పట్టుబట్టి కట్టించిన కతీడ్రల్ అది, 1939లో ప్రతిష్ఠ అయింది. గుడి మండపంలాంటి స్తంభాలు, మసీదును గుర్తుచేసే గుమ్మటాలు. క్రైస్తవం ఈ దేశపు బట్టలు కట్టుకోవాలని ఆయన తపన. ఆలోచన గొప్పది, కానీ అది కూడా పెద్దాయన ఒకరు తలపెట్టిన పెద్ద కట్టడమే. పల్లె చర్చికి శైలి అక్కర్లేదు. మా చర్చి పెంకులు తీసి చూస్తే వెనక ఫ్యాక్టరీ ముద్ర ఉంటుంది. బెంగుళూరు పెంకు అంటాం కానీ ఈ తరహా పెంకు మన దేశంలో పుట్టింది మంగళూరులో, 1865లో బాసెల్ మిషన్ వాళ్లు పెట్టిన కార్ఖానాతో పేరుకెక్కింది. అంటే మేం అచ్చమైన పల్లెటూరి కప్పు అనుకునేదాన్ని కూడా ఎవరో పాదిరీలే తెచ్చారు. ఏది మనది, ఏది కాదు అని గీత గీయబోతే నా చేతిలో సుద్దముక్క అరిగిపోతుంది కానీ గీత పడదు.

మా చిన్నాయన కొడుకు మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. "నీకేందే, హైదరాబాద్ల ఏసీల కూసుంటవ్. వానాకాలం ప్రభువు బల్ల కాడ మేం గొడుగు పట్టాలె" అన్నాడు. నిజమే. ఈశాన్యం మూల రెండు దూలాలకు చెద పట్టింది, పెంకులు జారాయి, జంపఖానా తడుస్తోంది. ఇంకో మాటన్నాడు, అది గుచ్చుకుంది: "అందరి గుళ్లు పెద్దగైనయ్, మనదే గుడిసె లెక్కుండాల్నా?" దీనికి నా దగ్గర వెస్లీ జవాబు లేదు. సాదాతనం అనేది దండిగా ఉన్నవాడు ఎంచుకుంటే సుగుణం, లేనివాడి మీద రుద్దితే అవమానం. వందేళ్లు వాడలో ఉన్నవాళ్లు ఊరికి కనపడేంత ఎత్తు కోరుకుంటే తప్పని నేనెట్లా అంటాను? అందుకే ఎత్తు వద్దనలేదు. పక్కన ఖాళీ జాగా ఉంది, కావాలంటే అందులో గోపురం కట్టుకోండి, పైన మైకులు పెట్టుకోండి, పాతదాన్ని హెప్టన్‌స్టాల్ వాళ్లలా ఒకవైపు గోడ జరిపి పెంచుదాం అన్నాను. గోడ జరపడం అంటే ఎట్లా అని మేస్త్రీ అడిగాడు. ఆ రోజు జరిగిన వాటిలో పనికొచ్చే ప్రశ్న అదొక్కటే.

నిర్ణయం ఈస్టర్ దాకా వాయిదా పడింది. ఈలోపు కనీసం మరమ్మతు లెక్క తీద్దామని పోయిన ఆదివారం నిచ్చెన వేశాం. ఎక్కింది మా తమ్ముడే, నాకు ఎత్తంటే భయం. వాడు పైనుంచి ఒక్కో పగిలిన పెంకూ చెబుతుంటే నేను కింద కాగితం మీద గీతలు పెట్టాను. దూలాలు రెండు, వాసాలు పదకొండు, పెంకులు 212. కర్ర దొరుకుతుంది. పెంకులతోనే చిక్కు, ఇప్పుడు షాపుల్లో దొరికే పెంకుల కొలత మా పాతవాటితో కలవదు, గాడి కూర్చోదు. పాత ఇళ్లు పడగొట్టే చోట్ల అడగాల్సిందే. మెదక్, సంగారెడ్డి వైపు మీ ఊళ్లో ఎవరైనా బెంగుళూరు పెంకుల ఇల్లు విప్పుతుంటే వాటిని గుంతలో పోయనివ్వకండి, నాకో మాట చెప్పండి. ట్రాలీ నేను తెచ్చుకుంటాను.